లాన్‌లో మచ్చలా? మందు కొట్టే ముందు అంచు చూడండి

లాన్ మధ్యలో గుండ్రంగా గడ్డి ఎండిపోతోందా? మందు డబ్బా కాసేపు పక్కన పెట్టండి. రేపు పొద్దున్నే, మంచు ఆరకముందే వెళ్లి ఆ మచ్చ పక్కన కూర్చోండి. మచ్చ మధ్యలో చూస్తే ఏమీ తెలియదు, అక్కడ గడ్డి ఎప్పుడో చచ్చిపోయింది. పచ్చగడ్డి, ఎండుగడ్డి కలిసే అంచు చూడాలి, ఫంగస్ తెగులైతే అది ఇప్పుడు పాకుతున్నది అక్కడే.

[దగ్గరి షాట్: వేళ్ల మధ్య ఒక్క గడ్డి పరక]

ఈ పరక చూడండి. మధ్యలో వెలిసిపోయి, ఆ వెలిసిన చోటికి పైనా కిందా ఎర్రటి గోధుమ రంగు గీత ఉంది, నడుము సన్నబడి అచ్చం డమరుకంలా కనిపిస్తోంది. ఇది డాలర్ స్పాట్ అనే ఫంగస్ తెగులు. ఒకటి రెండు అంగుళాల మచ్చలుగా మొదలై ఒకదానితో ఒకటి కలిసిపోతుంది. నత్రజని చాలక నీరసించిన గడ్డికి ఎక్కువగా వస్తుంది.

బ్రౌన్ ప్యాచ్ అనే ఇంకో తెగులు దీనికి పూర్తిగా ఉల్టా. యూరియా దండిగా వేస్తే గడ్డి ఏపుగా, మెత్తగా పెరుగుతుంది చూడండి, అలాంటప్పుడు రాత్రిళ్లు కూడా 20 డిగ్రీలు దాటి ఉక్కగా ఉంటే అడుగుల వెడల్పున వలయాలు వచ్చేస్తాయి. పొద్దున్నే వలయం అంచున బూడిద రంగు పొగలాంటి చార కనిపించొచ్చు, ఎండెక్కితే ఉండదు. మంచు ఆరకముందే వెళ్లమన్నది అందుకే. అదే గడ్డి నీళ్లలో నానినట్టు జిడ్డుగా పడిపోయి, పైన తెల్లటి బూజు ఉంటే అది పిథియం అనే తెగులు కావచ్చు. అది ఒకటి రెండు రోజుల్లోనే పాకుతుంది, కాబట్టి తడిలో అటు నడవకండి, మోవర్ తిప్పకండి. ఇక చెప్పులకు నారింజ రంగు పొడి అంటుకుంటే తుప్పు తెగులు, దానికి టెన్షన్ పడక్కర్లేదు, కొద్దిగా ఎరువేసి గడ్డి పెరిగాక కత్తిరిస్తే చాలావరకు పోతుంది.

[షాట్: చేత్తో గడ్డి పట్టి లాగడం]

ఇలా పట్టి లాగితే వేళ్లు తెగి చాపలా లేచొచ్చిందా? అయితే కింద వేరుపురుగు ఉందేమో తవ్వి చూడండి. ఫంగస్ మందు దానికి పనిచేయదు.

ఇప్పుడు అసలు సంగతి, నీళ్లు. సాయంత్రం చల్లబడ్డాక తడపడం చాలామందికి అలవాటు, దయచేసి అది మానేయండి. ఆకు ఎన్ని గంటలు తడిగా ఉంటే ఫంగస్‌కు అన్ని గంటలు దొరికినట్టే. తెల్లవారుజామున పెడితే మంచుతో ఆకు ఎలాగూ తడిసే ఉంటుంది, మీ నీళ్లు కొత్తగా తడి గంటలు పెంచవు, ఎండ రాగానే రెండూ కలిసి ఆరిపోతాయి. రోజూ చిలకరించకండి, వారానికి వానతో కలిపి సుమారు 25 మిల్లీమీటర్లు అందేలా ఒకటి రెండు సార్లు లోతుగా పెట్టండి. స్ప్రింక్లర్ కింద ఖాళీ డబ్బా పెట్టి స్కేలుతో కొలిస్తే తెలిసిపోతుంది. ఇసుక నేలైనా, ఎండలు మండుతున్నా లెక్క కాస్త మారుతుంది.

కోసేటప్పుడు ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ తీయొద్దు. బ్లేడ్ మొద్దుబారితే పరక కొసలు చీరుకుపోయి తెల్లగా మారతాయి, బ్లేడ్ పదును పెట్టించే టైమ్ అదే. తెగులు ఉన్నన్నాళ్లు కోసిన గడ్డి ఏరేయండి, మామూలప్పుడు వదిలేసినా మంచిదే.

మందు ఏ పరిస్థితిలో? నీళ్లు, ఎరువు సరిచేశాక కూడా మచ్చ పెరుగుతుంటే, ఏ తెగులో తేలాక. ఆ తెగులు పేరు, మీ గడ్డి రకం లేబుల్ మీద ఉండాలి, మోతాదు దాటొద్దు, ఒకే రకం మందు పదే పదే కొడితే ఫంగస్ దానికి అలవాటు పడిపోతుంది. పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ లేబుల్ చెప్పినంతసేపు దూరంగా ఉంచండి. మందు కొట్టినా ఎండిన పరక మళ్లీ పచ్చబడదు, కొత్తగా వచ్చే ఆకును మాత్రమే కాపాడుతుంది. అందుకే కొట్టే ముందు ఒక మొక్క పీకి, వేరూ ఆకూ కలిసే మొదలు భాగం చూడండి, తెల్లగా గట్టిగా ఉంటే తిరిగి చిగురిస్తుంది, మెత్తబడి గోధుమ రంగుకు తిరిగితే ఆ చోట కొత్త గడ్డి వేసుకోవాల్సిందే.