బిదరీ నలుపు ఎలా పుడుతుంది?

సభకు నమస్కారం.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో బిదరీ సామాన్ల ముందు, అంటే నల్లటి లోహంలో వెండి పొదిగిన వస్తువుల ముందు, ఆగినవాళ్ల చూపు ముందు వెండి మీదే పడుతుంది. ఈ పనిలో అసలు గొప్పతనం నలుపుది. ఆ నలుపు రంగు కాదు, పూత కాదు, లోహమే పైపైన మారి అలా అయింది. ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

బిదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది, ఇప్పుడు కర్ణాటకలో ఉంది. అక్కడి పనివాళ్లు వాడే లోహంలో ఎక్కువ భాగం తుత్తునాగమే, అంటే జింకు. పదహారు పాళ్ల తుత్తునాగానికి ఒక పాలు రాగి అన్నది తరచూ వినిపించే లెక్క. తుత్తునాగం 420 డిగ్రీలకే కరుగుతుంది, 907 డిగ్రీలకు మరుగుతుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. రెండింటినీ ఒకే మూసలో పెట్టి రాగి కరిగేదాకా కాచుదామనుకుంటే తుత్తునాగం కాస్తా తెల్లటి పొగై పోతుంది. ఆ పొగ పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరం. రాగిని సన్నటి ముక్కలు చేసి, కరిగిన తుత్తునాగంలో వేసి కలియబెడితే మెల్లగా అందులో కలిసిపోతుంది.

ఎర్రమట్టిలో ఆముదం, గుగ్గిలం కలిపి అచ్చు కడతారు. పోత పోశాక గరుకంతా ఆకురాయితో తీసి, నున్న చేసి, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లు రుద్దుతారు. పైభాగం నల్లబడుతుంది. ఇది తాత్కాలికమే, మొనదేరిన పనిముట్టుతో గీస్తే తెల్లటి గీత కనబడటానికి మాత్రమే. చూసేవాళ్లు ఇదే ఆఖరి నలుపు అనుకుని పొరబడుతుంటారు.

ఇక ఉలి పని. గాడి తవ్వేటప్పుడు అంచులు రెండు పక్కలా కొద్దిగా పైకి లేవాలి. స్వచ్ఛమైన వెండి తీగను అందులో కూర్చి సుత్తితో మెల్లగా కొడితే ఆ అంచులు తీగ మీదికి వంగి పట్టేస్తాయి. బంక లేదు, టంకం లేదు, పట్టు అంతా అంచులదే. గాడి లోతు తక్కువైతే ఆకురాయి తగలగానే తీగ లేచొస్తుంది. ఎక్కువైతే వెండి కిందికి దిగిపోయి గీత తెగినట్టు కనబడుతుంది. తీగ పనిని తార్‌కషీ అంటారు, రేకు ముక్కలు పొదిగితే తహ్‌నిషాన్. వంకీ తిరిగే చోట ఉలి ఆగిన జాడ కనిపించకుండా తార్‌కషీ తీగ నడిపించడమే కష్టమని నా అభిప్రాయం. కొనేవాళ్లు మాత్రం వెండి ఎన్ని గ్రాములని అడుగుతారు!

పొదగడం అయ్యాక మొత్తం మళ్లీ అరగదీస్తారు. అప్పుడు చూడాలి ఆ వస్తువుని. మైలుతుత్తం నలుపు పోయి, తుత్తునాగం, వెండి రెండూ ఒకే తెలుపులో మెరుస్తుంటాయి. అన్నాళ్లు చెక్కిన తీగెలూ పూలూ ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

తర్వాత వస్తువును కాస్త వేడి చేసి, నవాసారం (అమ్మోనియం క్లోరైడ్), కోట మట్టి కలిపిన ముద్ద రుద్దుతారు. బిదర్ కోటలో వానా ఎండా సోకని చోట్ల మట్టి తెస్తారు. నాలుక మీద వేసుకుని రుచి చూసి మరీ ఎంచుతారు. దానికి బలం అందులోని నైట్రేట్ లవణాలు. ముద్ద తగిలిన చోటల్లా వస్తువు ఒళ్లు నల్లబడుతుంది, వెండికి మాత్రం ఏమీ కాదు. ఉత్త తుత్తునాగానికి ఇంత చిక్కటి నలుపు రాదు, ఆ కొద్దిపాటి రాగి ఉండాల్సిందే. అలాగని రాగి పెంచుకుంటూ పోతే లోహం గట్టిపడి ఉలికి లొంగదు, పెళుసవుతుంది. ముద్ద పెట్టే ముందు ఎక్కడైనా జిడ్డు మిగిలిందా, అక్కడ నలుపు పట్టక మరకలా నిలుస్తుంది. చివరగా కడిగి, ఆరబెట్టి, నూనె రాస్తే నలుపు చిక్కబడుతుంది.

మ్యూజియంకి వెళితే హుక్కా బుడ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడండి. గుండ్రటి కుండలాంటివి 17వ శతాబ్దం తీరు, గంట ఆకారంలోవి 18వ శతాబ్దంలో వచ్చినవి. గుండ్రటిదాని మీద పువ్వు వరస మెడ దగ్గరికి పోయేకొద్దీ చిన్నదవ్వాలి, అయినా రేకుల లెక్క తప్పకూడదు. దూరం నుంచి చూస్తే ఇది తెలియదు.

ఇంట్లో బిదరీ ఉన్నవాళ్లకి ఒక మాట. వెండి కమిలిందని చింతపండు పెట్టి తోమకండి. పులుపు తుత్తునాగాన్ని తినేస్తుంది, ఒళ్లంతా బూడిద మచ్చలు పడతాయి. వెండి పాలిష్ పొడి కూడా వద్దు, అది నలుపుని గీకేస్తుంది. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, ఏడాదికోసారి ఒక చుక్క కొబ్బరినూనె రాసి, మిగిలిన జిడ్డు ఒత్తేస్తే చాలు. ఇక మీ ప్రశ్నలు అడగండి.