ఇంజన్‌లో పట్టేసిన సెల్ఫ్ మోటార్: ఏదీ విరక్కుండా బయటికి తీయడం ఎలా

[షాట్: సీటు, ట్యాంక్ తీసేసిన బైక్. సెల్ఫ్ బటన్ మీద బొటనవేలు]

ముందు ఈ సౌండ్ వినండి. ఇంకోసారి నొక్కుతా. ఒక్క "టక్" అంతే, ఆ టక్ రాగానే హెడ్‌లైట్ చూశారా ఎలా ఎర్రబడిపోయిందో, వేలు తీయగానే మళ్లీ మామూలైపోయింది. మోటార్ మాత్రం ఒక్క ఇంచు కూడా కదల్లేదు.

ఇది విజయవాడ సింగ్ నగర్ బండి. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు సీటు దాకా నీళ్లలో ఉంది. నీళ్లు తగ్గాక ఇంజన్ ఆయిల్ మార్చారు, కార్బరేటర్ కడిగించారు, ప్లగ్ కొత్తది వేశారు, కిక్ కొడితే స్టార్ట్ అయింది కాబట్టి ఇంక సెల్ఫ్ సంగతి ఎవరికి పట్టింది చెప్పండి. అప్పట్లో మునిగిన బండ్లలో ఇలా కిక్ మీద నడిచిపోతున్నవి ఇంకా చాలానే కనిపిస్తాయి. లోపల మోటార్ మాత్రం బురదతో అలాగే ఉండిపోయి నెమ్మదిగా పట్టేస్తుంది.

సరే, విప్పే ముందు అసలు తప్పు మోటార్‌దేనా అని తేల్చుకోవాలి. కిక్ కొడితే ఇంజన్ ఫ్రీగా తిరుగుతోంది, కాబట్టి ఇంజన్ జామ్ కాదు. బటన్ నొక్కితే "టకటకటక" అని వరసగా కొట్టుకుంటే చాలావరకు బ్యాటరీ వీక్ అయి ఉంటుంది, అది వేరే కథ. ఇక్కడ ఒక్కటే టక్, లైటు బాగా డల్, అంటే కరెంట్ వెళ్తోంది, బాగా ఎక్కువే వెళ్తోంది, కానీ మోటార్ తిరగట్లేదు. అనుమానంగా ఉంటే ఫుల్ ఛార్జ్‌లో ఉన్న వేరే బ్యాటరీ పెట్టి చూడండి. నేను పెట్టి చూశా, అదే టక్. ఒక్క మాట, బటన్ రెండు మూడు సెకన్ల కన్నా నొక్కి పట్టుకోవద్దు. బ్యాటరీ నుంచి మోటార్‌కి వెళ్లే లావు వైరుకి చాలా బండ్లలో ఫ్యూజ్ ఉండదు, అది రిలే (బటన్ నొక్కితే పెద్ద కరెంట్‌ని కలిపే స్విచ్) మీదుగా నేరుగా వెళ్లిపోతుంది, మోటార్ తిరక్కపోతే ఆ కరెంటంతా వేడి కింద మారి వైరు కాలుతుంది లేదా రిలే అతుక్కుపోతుంది.

[షాట్: క్లోజప్, సిలిండర్ వెనక గుంత. టార్చ్ వెలుగు]

ఇదిగో మోటార్. ఈ బండిలో సిలిండర్ వెనకాల, కార్బరేటర్ కింద, క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది భాగం కేసింగ్) పైన అడ్డంగా పడుకుని ఉంటుంది. కొన్ని బండ్లలో ఇంజన్ ముందు వైపు ఉంటుంది. ఎక్కడున్నా పని ఒకటే, దీని మూతి ఎడమ పక్క కేసింగ్‌లోకి దూరి ఉంటుంది, ఆ మూతి చివర చిన్న పళ్లు, ఆ పళ్లు ఒక ఐడిలర్ గేర్‌ని, అంటే మధ్యలో ఉండే గేర్‌ని తిప్పుతాయి, అది మ్యాగ్నెట్ వెనకాల ఉన్న వన్ వే క్లచ్‌ని, అంటే ఒక్క వైపే పట్టే క్లచ్‌ని తిప్పుతుంది, క్లచ్ క్రాంక్‌ని తిప్పుతుంది. ఈ గుంత చూశారుగా, వాన నీళ్లు, బురద, సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ కొట్టిన నీళ్లు అన్నీ వచ్చి ఇక్కడే నిలబడతాయి.

పట్టేయడం రెండు రకాలు. ఒకటి మోటార్ లోపల తిరిగే భాగం, అంటే ఆర్మేచర్, తుప్పుతో ఇరుక్కుపోవడం. రెండోది మోటార్ మూతి కేసింగ్ కన్నంలో అతుక్కుపోవడం. ఈ బండికి రెండూ ఉన్నాయి. మొదటిది మోటార్ బయటికొచ్చాక టేబుల్ మీద చూసుకునే పని. అసలు ప్రాణం తీసేది రెండోదే.

ఎందుకు అతుక్కుంటుందంటే, మూతి అల్యూమినియం, కేసింగ్ కూడా అల్యూమినియం, మధ్యలో ఒక ఓరింగ్, అంటే రబ్బరు రింగు. ఓరింగ్ గట్టిపడి చిట్లితే ఆ సందులోకి తేమ దూరుతుంది, అల్యూమినియం మీద తెల్లటి పొడి పడుతుంది, ఇదిగో అంచు చుట్టూ కనిపిస్తోందే ఇదే. ఆ పొడి, తినేసిన లోహం కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఉన్నదే వెంట్రుక మందం సందు, అది నిండిపోయి బిగుసుకుంటుంది. కాబట్టి ఇంత పొడుగు మోటార్ పట్టేసింది అనుకుంటాం గానీ నిజానికి పట్టింది వేలెడు వెడల్పున్న ఆ రింగు దగ్గర ఒక్కచోటే. మనం పెట్టే నూనె, వేడి, బలం అన్నీ అక్కడికే చేరాలి. మోటార్ వెనక భాగం పట్టుకుని గుంజితే రింగుకి ఏమీ కాదు, మోటారే పాడవుతుంది.

[షాట్: బ్యాటరీ దగ్గర చేతులు]

పని మొదలు. బండి సెంటర్ స్టాండ్ మీద, గేర్ న్యూట్రల్లో. బ్యాటరీ నెగటివ్ ముందు విప్పండి. పాజిటివ్ ముందు విప్పితే పానా పొరపాటున ఫ్రేమ్‌కి తగిలినా షార్ట్ అయి మెరుపు వస్తుంది, నెగటివ్ ముందు తీసేస్తే ఆ భయం ఉండదు. తర్వాత కార్బరేటర్ క్లాంప్‌లు లూజ్ చేసి దాన్ని పక్కకి జరపండి, మొత్తం పీకక్కర్లేదు. ఇన్‌టేక్ కన్నంలో మాత్రం శుభ్రమైన గుడ్డ కుక్కండి, పైన కవర్ కట్టండి. ఒక్క నట్టు అందులో పడిందంటే సాయంత్రం దాకా హెడ్ విప్పుకుంటూ కూర్చోవాలి.

మోటార్ మీద రబ్బరు టోపీ తీస్తే లావు వైరు, దానికో నట్టు. ఇక్కడ చాలామంది బలంగా తిప్పేస్తారు. దీని కింద ఇంకో సన్నటి నట్టు ఉంటుంది చూడండి, దాన్ని ఒక పానాతో కదలకుండా పట్టుకుని పై నట్టు విప్పాలి. పట్టుకోకపోతే బోల్టు మొత్తం తిరిగిపోయి లోపల ఆర్మేచర్‌కి కరెంట్ అందించే కార్బన్ బ్రష్‌కి వెళ్లే తీగ తెగుతుంది. అప్పుడు బాగుచేయొచ్చనుకున్న మోటార్ కూడా బాగుపడదు.

ఇప్పుడు రెండు బోల్టులు, ఆరు ఎంఎంవి. తల బండిని బట్టి 8 నంబరో 10 నంబరో. ఒకదాని కింద ఎర్త్ వైర్ ఉండొచ్చు, గుర్తుపెట్టుకోండి. ఆరు ఎంఎం బోల్టు అంటే బిగించేటప్పుడే మామూలుగా పది పన్నెండు న్యూటన్ మీటర్లకి మించి పెట్టరు, తుప్పు పట్టి ఉంటే అరచేతి బలానికే పుటుక్కుమంటుంది. ముందురోజు సాయంత్రమే రస్ట్ స్ప్రే కొట్టి వదిలేయండి, రాత్రి పడుకునే ముందు ఇంకోసారి. తర్వాతి రోజు రింగ్ పానా పెట్టి ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, మళ్లీ బిగించే వైపు, ఇలా కొంచెం కొంచెం. "కిర్ర్" అని వస్తే వదులవుతోందన్నమాట. బంకలా సాగుతున్నట్టు అనిపిస్తే మాత్రం ఆపేయండి, అది విరగబోతోంది, వేడి పెట్టి మళ్లీ రండి.

[షాట్: మోటార్ వెనక మూత. రెండు సన్నటి పొడుగు బోల్టుల మీద ఎర్ర బాణం]

ఇవి ముట్టుకోవద్దు! వెనక మూత మీద కనిపించే ఈ రెండు సన్న బోల్టులు మోటార్ భాగాల్ని కలిపి పట్టుకునేవి. ఇంజన్‌కి బిగించిన బోల్టులు ఇవే అనుకుని విప్పితే డొక్కు (మోటార్ బయటి రేకు), ఆర్మేచర్ చేతికొస్తాయి, ముందు మూత కేసింగ్‌లోనే ఉండిపోతుంది, పట్టుకోడానికి ఇంక ఏమీ మిగలదు.

రెండు బోల్టులూ వచ్చేశాయి. మోటార్ ఊగుతోందా? లేదు. సరే.

ఇప్పుడు వేడి. మా తమ్ముడు కెమెరా పట్టుకుని అడుగుతున్నాడు, "అన్నా, గ్యాస్ టార్చ్ తేనా?" అని. వద్దురా, పైన పెట్రోల్ పైపు, పక్కన వైరింగ్, నిన్న కొట్టిన స్ప్రే ఇంకా తడిగా ఉంది, అన్నీ అంటుకునేవే. మరి ఏం చేస్తాం? మరిగే నీళ్లు. కెటిల్ నిండా మరగబెట్టి కేసింగ్ మీద, సరిగ్గా ఆ కన్నం చుట్టూ సన్నగా పోయండి, మోటార్ మీద పడనివ్వకండి. అల్యూమినియం వేడికి బాగా వ్యాకోచిస్తుంది, బయటి కన్నం వేడెక్కి లోపలి మూతి ఇంకా చల్లగా ఉంటే ఆ కాస్త తేడాకే పొడి చిట్లుతుంది. నీళ్లు వంద డిగ్రీలు దాటవు కాబట్టి ఏదీ కాలదు, ఎక్కడా మంట ఉండదు. కానీ ఇది మూతి ఇంకా కదలక ముందే చేయాలి, ఒకసారి కదిలాక నీళ్లు పోస్తే సందులోంచి ఇంజన్ ఆయిల్లోకి పోతాయి. హీట్ గన్ ఉంటే అదీ వాడొచ్చు, స్ప్రే శుభ్రంగా తుడిచి, ట్యాంక్ దూరంగా పెట్టి, కేసింగ్ వైపే పట్టాలి.

వేడి ఉండగానే తిప్పాలి. మళ్లీ చెప్తున్నా, తిప్పాలి, గుంజకూడదు. పన్ను డాక్టర్ని చూశారుగా, పన్ను పట్టుకోగానే లాగేయడు, ముందు అటూ ఇటూ కదిపి వదులు చేస్తాడు. ఇక్కడా అంతే. బోల్టులు తీశాం కాబట్టి మోటార్ చెవులకి, అంటే బోల్టులు పట్టిన చోట్లకి, ఇప్పుడు అటూ ఇటూ కొద్దిగా తిరిగే చోటుంది. బోల్టు విరిగి ముక్క కన్నంలో ఉండిపోతే ఈ తిప్పుడు కుదరదు, అందుకే వాటి కోసం రాత్రంతా ఆగింది.

[షాట్: ఆయిల్ ఫిల్టర్ విప్పే పట్టీ రెంచ్ మోటార్ ముందు భాగానికి చుట్టడం]

ఇది కార్ ఆయిల్ ఫిల్టర్ విప్పే పట్టీ రెంచ్, ఆటోనగర్లో ఏ టూల్స్ షాపులో అడిగినా ఇస్తారు. పైప్ రెంచ్ మాత్రం వద్దే వద్దు. మోటార్ డొక్కు పలచటి రేకు, దాని లోపల అయస్కాంతాలు అతికించి ఉంటాయి, రేకు నొక్కుకుంటే అయస్కాంతం పగిలి ఆర్మేచర్‌కి రాసుకుంటుంది. పెద్ద సుత్తితో వెనక నుంచి బాదినా అంతే, ఆ అయస్కాంతాలు పింగాణీ లాంటి సరుకు, దెబ్బకి పగుళ్లిస్తాయి. కొట్టాలంటే చెవుల మీద చెక్క ముక్క పెట్టి చిన్నగా, ఒకసారి ఈ చెవి, ఒకసారి ఆ చెవి. స్క్రూడ్రైవర్ సందులో దూర్చి ఎత్తడం కూడా చాలామంది చేస్తారు, పోత చెవి విరిగిపోతుంది, లేదంటే కేసింగ్ అంచు మీద గీత పడి జీవితాంతం ఆయిల్ చెమ్మ వస్తూనే ఉంటుంది.

పట్టీ రెంచ్ ముందు మూతకి దగ్గరగా... ఇలా... కుడికి... ఎడమకి... చిన్న "కట్" వినిపించింది కదా! వెంటనే లాగేయకండి. సందులో రెండు చుక్కలు స్ప్రే, మళ్లీ అటూ ఇటూ. తిరిగే మేర పెరుగుతూ పోతుంది. ఇప్పుడు తిప్పుతూ తిప్పుతూ మెల్లగా కుడి పక్కకి, తిన్నగా. వంచారంటే కన్నంలో అడ్డం పడి మళ్లీ బిగుస్తుంది. వచ్చేసింది.

[షాట్: చేతిలో బురద పట్టిన మోటార్. మూతి మీద తెల్ల పొడి, నలిగిపోయిన ఓరింగ్]

ఇంత చేసినా రాకపోతే? రెండు దారులు. మొదటిది, ఇందాక ముట్టుకోవద్దన్న ఆ పొడుగు బోల్టులు కావాలనే విప్పడం. డొక్కు, ఆర్మేచర్ బయటికి లాగేస్తే ముందు మూత ఒక్కటే మిగులుతుంది, చాలా చిన్న బండ్లలో పళ్లు షాఫ్ట్ మీదే కోసి ఉంటాయి కాబట్టి ఆర్మేచర్ బేరింగ్‌లోంచి వచ్చేస్తుంది, అది తుప్పు పట్టి ఉంటే రాదు. మిగిలిన మూత అంచుని వైస్ గ్రిప్‌తో పట్టి తిప్పండి, మూత పాడైనా పర్లేదు, మోటార్ కొత్తది దొరుకుతుంది, కేసింగ్ దొరకడం అంత తేలిక కాదు. రెండో దారి మ్యాగ్నెట్ పక్క కవర్ విప్పడం. ఆయిల్ దించి, ఐడిలర్ గేర్ తీసేస్తే లోపలి వైపు నుంచి మూతి అంచు కనిపిస్తుంది, అక్కడ ఇత్తడి కడ్డీ పెట్టి చిన్నగా కొట్టుకుంటూ బయటికి తోయొచ్చు. షాఫ్ట్ మీద కొట్టొద్దు, అంచు మీదే. కవర్ ప్యాకింగ్ ఎలాగూ కొత్తది వేయాలి. నన్నడిగితే రెండోదే మంచిది, టైమ్ ఎక్కువైనా.

బయటికొచ్చిన మోటార్ విప్పి చూస్తే, ఇదిగో, బురద ఎండి రాయైపోయింది, షాఫ్ట్ వెనక చివర తిరిగే బుష్ షాఫ్ట్‌ని పట్టేసింది. కమ్యూటేటర్‌ని, అంటే బ్రష్‌లు రాసుకునే రాగి పలకల భాగాన్ని, సన్నటి ఎమరీ పేపర్‌తో తుడిచి, మల్టీమీటర్ పెట్టి చూడండి. కమ్యూటేటర్ రాగి పలకల మధ్య కంటిన్యుటీ (కరెంట్ పోయే దారి) రావాలి, పలకకీ షాఫ్ట్‌కీ మధ్య రాకూడదు. వస్తే ఆర్మేచర్ షార్ట్, ఇంక ఆ మోటార్ మీద డబ్బు పెట్టకండి. ఇది బాగానే ఉంది, బ్రష్‌లు, బుష్ మారిస్తే నడుస్తుంది.

బిగించే ముందు కేసింగ్ కన్నంలో గుడ్డ కుక్కి తెల్ల పొడంతా స్కాచ్ బ్రైట్‌తో తుడిచి, ఆ గుడ్డ జాగ్రత్తగా తీసేయండి. కొత్త ఓరింగ్, దాని మీద ఇంజన్ ఆయిల్. సిలికాన్ గమ్ పూయొద్దు, అది పూసిన మోటార్ ఇంకోసారి తీయాల్సినవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. చెవులు కూర్చునే చోట పెయింట్, తుప్పు లేకుండా లోహం మెరవాలి, ఎందుకంటే ఈ మోటార్ లోపలికి నెగటివ్ వచ్చేది వైర్‌తో కాదు, డొక్కు మీదుగానే, ఎర్త్ వైర్ ఉన్నా అది చెవి బోల్టు కిందే ఉంటుంది. బోల్టు మరల మీద కాపర్ గ్రీజ్ సన్నగా. చిన్న పానాతో బిగిస్తే చాలు. బ్యాటరీకి ఈసారి పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. పని మధ్యలో కేసింగ్‌లోకి ఏ పొడి పడిందో తెలీదు కాబట్టి ఇంజన్ ఆయిల్ కూడా మార్చేయండి.

[షాట్: మళ్లీ బటన్ మీద బొటనవేలు]

నొక్కుతున్నా... స్టార్ట్.

మీ బండిలో ఇదంతా చేశాక మోటార్ "జుయ్" అని ఫ్రీగా తిరుగుతూ ఇంజన్ మాత్రం తిరక్కపోతే మోటార్ మళ్లీ విప్పొద్దు, అది చాలావరకు వన్ వే క్లచ్ జారడం. మ్యాగ్నెట్ కవర్ విప్పి రోలర్లు, స్ప్రింగులు చూసుకోవాల్సిందే.