గట్టు మీది తంగేడు

అందరికీ నమస్కారం. బతుకమ్మకు ఇంకా నెలలుండగానే తంగేడు గురించి మాట్లాడమన్నారు, మంచిదైంది. పండుగ ముందురోజైతే వినేవాళ్లంతా కొడవళ్లు పట్టుకుని గుట్టకు పోయి ఉండేవారు.

మన దేవరకొండ వైపు ఎర్ర చెలకల గట్ల మీద తంగేడును ఎవరూ నాటలేదు, అదే మొలిచేది. పశువులు పెద్దగా ముట్టవు. పట్ట తోళ్ల పదునుకు పోయేది, రొట్ట పొలంలో తొక్కేవారు. ఇప్పుడు గట్టును ట్రాక్టరు చెక్కేస్తోంది, మిగిలినదాన్ని గడ్డిమందు కాల్చేస్తోంది. 2014లో రాష్ట్ర పుష్పం చేసుకున్న పువ్వును కట్టకింతని బేరమాడి కొంటున్నాం.

నేను మొదట చేసిన తప్పు చెబుతాను. నడుమెత్తు మొక్కను గుట్ట నుంచి తవ్వి తెచ్చి పెరట్లో పెట్టాను. వారంలో ఎండిపోయింది. తల్లివేరు లోతుకు దిగి ఉంటుంది, గడ్డపారతో దాన్ని నేనే తెంపాను. మరుసటి ఏడు గింజలు చల్లాను, రెండో మూడో మొలిచాయి. గింజ పెంకు అంత గట్టిది మరి.

కాయలు ఎండి గలగలలాడేటప్పుడు గింజలు తీసుకోండి. నీళ్లు మరిగించి, పొయ్యి మీది నుంచి దించి, అందులో గింజలు వేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి చూస్తే కొన్ని ఉబ్బి ఉంటాయి, వాటిని నాటండి. ఉబ్బనివాటిని గరుకు బండ మీద నాలుగుసార్లు రుద్ది మళ్లీ నానబెట్టండి. తొలకరి పడ్డాక ఎక్కడ పెరగాలో అక్కడే గుంటకు మూడేసి గింజలు వేయడం మేలు. ఎరువు అక్కర్లేదు. నీరు నిలిచే చోట మాత్రం వేయకండి, వేరు కుళ్లుతుంది.

పూసినప్పుడు పొద్దున్నే ఒకసారి దగ్గర నిలబడి చూడండి. ఈ పువ్వులో తేనె ఉండదు. నల్ల తుమ్మెద వచ్చి కేసరాలను పట్టుకుని వేలాడి జుమ్మంటుంది. ఆ అదురుకు కేసరాల కొనల్లోని సన్నని రంధ్రాల నుంచి పుప్పొడి రాలి దాని పొట్టకు అంటుకుంటుంది. నాకైతే పేర్చిన బతుకమ్మ కంటే అదే ఎక్కువ ముచ్చట. ఈ మాట మా ఇంట్లో చెప్పకండి.

పూలు కోసేటప్పుడు కొమ్మలు మొదలంటా విరవకండి. నాలుగు కొమ్మలు వదిలితేనే కాయ కడుతుంది.

గింజల పొట్లాలు ఆ బల్ల మీద పెట్టాను. ఒక్కోదానిలో 20 ఉన్నాయి. ఇంటికి ఒకటే, రెండోది అడగకండి.