చదివే పని ఎవరిది?

అందరికీ నమస్కారం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే కోడ్ రాయడం అని బయటివాళ్లు అనుకుంటారు, వాళ్లని అనడానికేం లేదు. లోపలున్న మనం కూడా అలాగే అనుకుంటున్నామే, నా గొడవంతా దాని గురించి.

రోజు మొత్తం మీద మనం చేసేది చాలావరకు చదవడమే. ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన కోడ్, లాగ్‌లు, టికెట్, అంటే చేయాల్సిన పని రాసిన చీటీ, దాని కింద పేరుకుపోయిన కామెంట్లు, సగంలో ఆగిపోయిన డిజైన్ డాక్యుమెంట్. అయినా పొద్దున మీటింగ్‌లో "నిన్న ఏం చేశావ్" అని అడిగితే "చదివాను" అని చెప్పడానికి నోరు రాదు, ఏదో ఖాళీగా కూర్చున్నట్టు ఉంటుంది. అందుకని ఒక చిన్న ఫంక్షన్ పేరు మార్చి, దాన్ని చెబుతాం. అప్రైజల్ ఫారంలో ఎన్ని ఫీచర్లు ఇచ్చావో రాయడానికి గడి ఉంటుంది కానీ ఏం అర్థం చేసుకున్నావో రాయడానికి ఉండదు. ఒక టీమ్‌లో చదివేవాళ్లు ఎందుకు లేరు అంటే ఓపిక లేదని, ఫోన్ల వల్ల అని అంటారు. నాకైతే నమ్మకం లేదు. ఆఫీసు దేన్ని పనిగా లెక్కేస్తుందో జనం అదే చేస్తారు, అంతే.

ఈ విషయంలో నాకు బాగా ఇష్టమైన మనిషి ఒకాయన ఉన్నారు, జాన్ లయన్స్. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. 1970ల మధ్యలో, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆరో ఎడిషన్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ సోర్స్ కోడ్ మొత్తాన్ని, సుమారు 9,000 లైన్లు, విద్యార్థుల కోసం ఒక పుస్తకంగా వేసి, దాని మీద వ్యాఖ్యానం ఇంకో పుస్తకంగా రాశారు. ఒక కావ్యానికి టీకా రాసినట్టు ఆపరేటింగ్ సిస్టమ్‌కి టీకా! తర్వాత వచ్చిన ఏడో ఎడిషన్ లైసెన్సులో సోర్స్‌ని క్లాసులో చెప్పకూడదని షరతు పెట్టారు. దాంతో ఆ పుస్తకం ఫొటోకాపీకి ఫొటోకాపీగా చేతులు మారుతూ తిరిగింది, అందరూ కొనుక్కునేలా అచ్చయింది 1996లో. అప్పట్లో ఆపరేటింగ్ సిస్టమ్‌లు నేర్చుకున్నవాళ్లు చాలామంది ఆ జిరాక్స్ కాగితాల మీదే నేర్చుకున్నారు. ఎవరూ వాళ్లకి దాన్ని టాస్క్‌గా ఇవ్వలేదు.

ఆ యూనిక్స్ కోడ్‌లో, ఒక ప్రాసెస్ (అంటే నడుస్తున్న ప్రోగ్రామ్) నుంచి ఇంకో ప్రాసెస్‌కి మారే చోట, చదివేవాళ్ల కోసం రాసిన ఒక కామెంట్ ఉంది. ఇది మీకు అర్థం కావాలని మేం అనుకోవడం లేదు, అని దాని సారాంశం. చదివినవాళ్లు దాన్ని పొగరు అనుకున్నారు, టీషర్టుల మీద కూడా వేసుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత, యూనిక్స్‌ని తయారుచేసినవాళ్లలో ఒకరైన డెనిస్ రిచీ వివరణ ఇస్తూ, "ఇది పరీక్షలో రాదులే" అన్న ధోరణిలో రాసిన మాట అది, అసలు చిక్కు ఏమిటంటే అక్కడ ఏం జరుగుతోందో మాకూ సరిగా అర్థం కాలేదు అన్నారు. ఎలా తెలిసిందంటే, యూనిక్స్ అప్పుడు నడిచిన పీడీపీ-11 కంప్యూటర్‌లో కంపైలర్ (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) ఏ ఫంక్షన్‌కైనా రిజిస్టర్లను, అంటే ప్రాసెసర్ విలువలు పెట్టుకునే చిన్న గదుల్ని, ఒకే పద్ధతిలో దాచేది, కాబట్టి ఒక ఫంక్షన్‌లో దాచి ఇంకో ఫంక్షన్‌లోంచి తిరిగి వచ్చినా నడిచిపోయింది. యూనిక్స్‌ని ఇంటర్‌డేటా అనే వేరే మెషీన్‌కి మార్చబోతే, అక్కడి కంపైలర్ ఏ రిజిస్టర్లు దాచిందన్న దాన్నిబట్టి తిరిగొచ్చే కోడ్‌ని మార్చేది. ఇక ఆ ట్రిక్ పని చేయలేదు, ఆ పద్ధతినే మార్చాల్సి వచ్చింది. ఆలోచించండి, రాసినవాళ్లు మామూలువాళ్లు కాదు, కోడ్ ఏళ్ల తరబడి నడుస్తోంది, అయినా అర్థమైన కోడ్ కాదు. నడుస్తోంది కదా అని మనం ముట్టుకోని మాడ్యూల్ ఒకటి ప్రతి కంపెనీలోనూ ఉంటుంది. మీకు ఇప్పుడు గుర్తొచ్చిన ఫైలే అది.

డెన్మార్క్ కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో ఒక వ్యాసం రాశారు. ప్రోగ్రామ్ అంటే ఫైళ్లలో ఉన్న అక్షరాలు కావని, రాసినవాళ్ల తలల్లో ఉన్న అవగాహన అనీ, ఆ మనుషులు చెదిరిపోతే ఫైళ్లున్నా ప్రోగ్రామ్ చచ్చినట్టేననీ వాదించారు. డాక్యుమెంట్లు చదివి దాన్ని బతికించడం కుదరదు అనేదాకా వెళ్లారాయన. అక్కడ నాకు ఆయనతో పడదు. కొంతైనా రాబట్టొచ్చు, కాకపోతే ఎందుకు చేశారన్నది ఎక్కడో రాసి ఉండాలి, చదవడానికి ఎవరికైనా టైమ్ ఉండాలి.

రాసి లేకపోతే ఏమవుతుందో 1996 జూన్ 4న తెలిసింది. యూరప్ వాళ్ల ఆరియన్ 5 రాకెట్ మొదటిసారి లేచి, సుమారు 40 సెకన్లకే ముక్కలైపోయింది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి కుదించబోతే పట్టలేదు, ఇది మీరంతా కాలేజీలో వినే ఉంటారు. వినని భాగం విచారణ నివేదికలో ఉంది. అలా మార్చే వేరియబుల్స్ ఏడు. వాటిలో నాలుగింటికే రక్షణ పెట్టారు, ప్రాసెసర్ మీద భారం 80 శాతం దాటకూడదని మిగతా మూడింటిని వదిలేశారు. ఆ విలువలు అంత పెద్దవి కావని లెక్క వేసుకునే వదిలేశారు, అంతకుముందు రాకెట్ ఆరియన్ 4కి ఆ లెక్క సరిపోయింది కూడా. కానీ ఎందుకు వదిలేశామన్నది సోర్స్ కోడ్‌లో ఎక్కడా రాయలేదు. ఇంకా విచిత్రం, ఆ సంఖ్యను కుదించే కోడ్ భాగంతో ఆరియన్ 5కి రాకెట్ లేచాక పనే లేదు, పాతదాంట్లో ఉంది కాబట్టి ఇందులోనూ ఉంచేశారు. అన్నట్టు ఆ విచారణ బోర్డు అధ్యక్షుడి పేరు జాక్-లూయీ లియోన్స్. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మన లయన్స్ గారిదే పేరు, మనిషి వేరు. ఆ నివేదిక ఒక మధ్యాహ్నంలో చదివేయొచ్చు, దయచేసి చదవండి.

ఇక మీటింగులు. 2003లో నాసా వాళ్ల అంతరిక్ష నౌక కొలంబియా షటిల్ కూలిపోయాక వేసిన విచారణ బోర్డు, ఇంజనీర్లు మేనేజర్లకు చూపించిన ఒక స్లైడ్‌ని నివేదికలో తప్పుబట్టింది. లేచేటప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడి రెక్కకి తగిలిన నురుగు ముక్క, అంతకుముందు పరీక్షల్లో వాడిన ముక్క కన్నా 640 రెట్లు పెద్దది. 3 ఘనపు అంగుళాలెక్కడ, 1,920 ఎక్కడ! ఆ స్లైడ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే, అది ఉన్నది అట్టడుగు లైన్లో, చిన్న అక్షరాల్లో. టెక్నికల్ పేపర్లు రాయాల్సిన చోట స్లైడ్లు వాడటం నాసాలో అలవాటైపోయిందని బోర్డు రాసింది. స్లైడ్ చూసేవాళ్లకి చదివిన తృప్తి ఉంటుంది, చదవాల్సిన శ్రమ ఉండదు.

అమెజాన్‌లో మీటింగ్ మొదట్లో అందరూ నిశ్శబ్దంగా కూర్చుని ఆరు పేజీల నోట్ చదువుతారని జెఫ్ బెజోస్ వాటాదారులకు రాసిన ఉత్తరంలో ఉంది. ఆ కంపెనీ పని పద్ధతుల్లో నాకు నచ్చనివి ఉన్నాయి, ఇది మాత్రం నచ్చింది. ఒకే ఒక్క కారణం, చదవడాన్ని ఇంటికి పంపించలేదు. "ముందే చదివి రండి" అనే మెయిల్ అందరికీ వస్తుంది, ఎవరూ చదవరు, అందరూ చదివినట్టు తలాడిస్తారు. ఆఫీసు టైమ్‌లో కూర్చోబెట్టి చదివిస్తే అది పని అని కంపెనీ ఒప్పుకున్నట్టు.

ఇప్పుడు ఏఐ గురించి అడుగుతారు కాబట్టి నేనే చెప్పేస్తాను. రాయడం చవకైంది. చదవడం అవ్వలేదు, పైగా బరువు పెరిగింది. మిషన్ రాసిన వందల లైన్లు రివ్యూకి వస్తాయి, పంపినవాడు చదవలేదు, చూసేవాడు రెండు నిమిషాల్లో "బాగుంది" అని కొట్టేస్తాడు. నౌర్ చెప్పిన అవగాహన ఇక్కడ ఎవరి తలలోనూ లేదు, మనుషులు చెదిరిపోయే దాకా ఆగక్కర్లేదు. నేను కూడా ఆ టూల్స్ వాడతాను. పాత కోడ్‌ని చదివి పెట్టమనడానికి ఎక్కువ వాడతాను, చెప్పింది నిజమో కాదో మళ్లీ నేనే చూసుకుంటాను.

మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొదట కోడ్ రాసే టికెట్ ఇవ్వను. ఒక మాడ్యూల్ ఇచ్చి, చదివి, అర్థం కాని చోట్లన్నీ ఒక లిస్టు రాయమంటాను. టికెట్ మీద "చదవడం" అనే రాస్తాం, దానికి కూడా అందరి పనిలాగే గంటలు వేస్తాం. మొదట్లో పైవాళ్లు ఒప్పుకోలేదు, రిపోర్ట్‌లో ఏం చూపించాలి అన్నారు. ఆ లిస్టే చూపించమన్నాను. అయితే నిజంగా ఇబ్బంది పడింది సీనియర్లు. కొత్తమ్మాయి వచ్చి "ఇక్కడ మూడుసార్లు రీట్రై ఎందుకు, నాలుగు ఎందుకు కాదు" అని అడుగుతుంది, సమాధానం ఎవరి దగ్గరా ఉండదు. ఒకరు నవ్వేస్తారు, ఒకరికి కోపం వస్తుంది, ఇంకొకరు సాయంత్రం దాకా కూర్చుని పాత కమిట్‌లు, అంటే కోడ్‌లో ఎవరు ఏం మార్చారన్న రికార్డులు, తవ్వుతారు. మూడోవాళ్ల పేరు అప్రైజల్ అప్పుడు నేను గుర్తుపెట్టుకుంటాను, ఈ సంగతి వాళ్లకీ తెలుసు.

నా వంతు అయిపోయింది. ఆరియన్ గురించి గానీ, సీనియర్లతో గొడవల గురించి గానీ, ఏమైనా అడగండి.