నీట్ ర్యాంకుతో ఎంబీబీఎస్ సీటు అంచనా వేయడం ఎలా?

తల్లిదండ్రులకూ, విద్యార్థులకూ నమస్కారం.

ఫలితాలు వచ్చిన రోజు ప్రతి ఇంట్లో వినబడే ప్రశ్న ఒకటే: "ఇన్ని మార్కులకు సీటు వస్తుందా?" మార్కులు చూసి జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి. 2024లో 720కి 650 దాటినవాళ్లు దేశంలో 30 వేలకు పైనే. 2025లో ఫిజిక్స్ కఠినంగా వచ్చి మొదటి ర్యాంకే 686 దగ్గర ఆగింది, 650 దాటినవాళ్లు 73 మందే. పోయినేటి మార్కులతో ఈ ఏడాది లెక్క కట్టడం కుదరదు. ర్యాంకును ర్యాంకుతోనే పోల్చాలి.

"క్వాలిఫై అయ్యాం" అన్న మాటనూ సీటుగా భావించకండి. 2025లో 12 లక్షల మందికి పైగా అర్హత పొందారు. దేశంలోని ఎంబీబీఎస్ సీట్లు అందులో దాదాపు పదోవంతు.

ముందు ఏ పోటీకి ఏ ర్యాంకో విడదీయండి. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం ఆలిండియా కోటా, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్ సీట్లు ఎంసీసీ (కేంద్ర మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) కౌన్సెలింగ్‌లో ఆలిండియా ర్యాంకు మీద నిండుతాయి. కన్వీనర్ కోటాకు, అంటే రాష్ట్రం మెరిట్ మీద నింపే సీట్లకు, తెలంగాణలో కాళోజీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ఆరోగ్య వర్సిటీలు ఇచ్చే రాష్ట్ర మెరిట్ జాబితాలో మీ స్థానం ముఖ్యం.

ఆ తర్వాత స్థానికత. ఇక్కడే చాలా ఇళ్లలో లెక్క తప్పుతోంది. తెలంగాణలో ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటి కొందరికి మినహాయింపులున్నాయి. హైదరాబాదులో పుట్టి పెరిగినా, ఇంటర్ విజయవాడలో చదివితే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం), ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) ప్రాంతాలకు చివరి ర్యాంకులు వేరుగా ఉంటాయి. పక్క జిల్లా అమ్మాయి ర్యాంకు మీకు కొలమానం కాకపోవచ్చు.

ఇప్పుడు అసలు పని. వర్సిటీ వెబ్‌సైట్‌లోని గత రెండేళ్ల కాలేజీల వారీ అలాట్‌మెంట్ జాబితాలు దించుకోండి. అభ్యర్థి కులం ఉన్న గడిని వదిలి, సీటు ఏ కేటగిరీలో ఇచ్చారో ఆ గడి చూడండి. మంచి ర్యాంకు వచ్చిన బీసీ–బి విద్యార్థి ఓపెన్ సీటులో చేరతాడు, ఆ ర్యాంకును బీసీ–బి చివరి ర్యాంకు అనుకుంటే అంచనా తలకిందులవుతుంది. మహిళల సీట్లు విడిగా రాసుకోండి. ఎన్‌సీసీ, స్పోర్ట్స్, దివ్యాంగుల సీట్లను పక్కన పెట్టండి, వాటి ర్యాంకులు చాలా దూరం పోతాయి. బీ కేటగిరీలో (ప్రైవేటు కాలేజీల మేనేజ్‌మెంట్ సీట్లలో) ఎవరికో లక్షల ర్యాంకుకు సీటొచ్చిందని విని కన్వీనర్ సీటు మీద ఆశ పెంచుకోవడమూ ఈ కలగాపులగం ఫలితమే.

మొదటి విడత చివరి ర్యాంకుతో ఆగకండి. పై కాలేజీలకు, ఎంసీసీకి వెళ్లేవాళ్లు ఖాళీ చేసిన సీట్లు తర్వాతి విడతల్లో కిందికి వస్తాయి. రెండేళ్ల ఆఖరి విడత ర్యాంకుల్లో తేడా ఉంటే కఠినమైనదే, అంటే చిన్న అంకే తీసుకోండి. మీ ర్యాంకు దానికంటే పది శాతం మెరుగ్గా ఉంటే ధైర్యంగా ఉండవచ్చని నా అభిప్రాయం. అంచుల్లో ఉంటే బీడీఎస్‌కో (దంతవైద్య కోర్సు), మరో ప్రయత్నానికో ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

రాష్ట్రంలో బీసీ అయినా కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉందో లేదో సరిచూడండి. లేకపోతే ఎంసీసీలో మీరు ఓపెన్ కిందే. ఉంటే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర నమూనాలో, చెల్లుబాటు తేదీలతో ఉండాలి.

వెబ్ ఆప్షన్లు, అంటే ఆన్‌లైన్‌లో ఎంచుకునే కాలేజీలు, మీకు నచ్చిన వరుసలో పెట్టండి, వస్తాయనుకున్న వరుసలో కాదు. పై ఆప్షన్ రాకపోతే కిందిదాన్ని చూస్తారు, పైన పెట్టినందుకు నష్టమేమీ లేదు. కానీ తర్వాతి విడతలో పై కాలేజీ వస్తే పాత సీటు దానంతటదే పోతుంది. అందుకే చేరిన కాలేజీ కంటే నిజంగా మెరుగనుకున్నవే అప్పుడు ఉంచండి.