కార్పోవ్ మీద ఏ6

పిల్లలకూ, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన అమ్మానాన్నలకూ నమస్కారం.

"చెస్‌లో ఎదుటివాడు బిత్తరపోయే ఓపెనింగ్, అంటే ఆట మొదలుపెట్టే పద్ధతి, ఒకటి చెప్పండి సార్" అని పిల్లలు తెగ అడుగుతుంటారు. సరే, చెప్తాను. బోర్డు మీద నిలువు వరసలకు ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరసలకు తెల్ల వైపు నుంచి 1 మొదలు 8 దాకా అంకెలు; ఈ4 అంటే బంటును ఆ గడికి జరపడం. తెల్ల ఈ4 ఆడగానే నల్ల ఏ వరసలోని చివరి బంటును ఒక్క గడి జరిపి ఏ6 ఆడాలి. దీని పేరు సెయింట్ జార్జ్ డిఫెన్స్. 1868లోనే బేకర్ అనే ఔత్సాహికుడు, ఒకేసారి పలువురితో ఆడుతున్న, తర్వాత మొదటి ప్రపంచ చాంపియన్ అయిన స్టైనిట్జ్‌ను దీంతో ఓడించాడు.

దీనికి అసలు పేరు తెచ్చింది మాత్రం ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ టోనీ మైల్స్. 1980, స్వీడన్‌లోని స్కారా, యూరోపియన్ టీమ్ చాంపియన్‌షిప్. ఎదురుగా ప్రపంచ చాంపియన్ కార్పోవ్. మైల్స్ ఏ6 ఆడేసరికి చూసేవాళ్లు నవ్వారు. నవ్వరూ మరి! కానీ 46 ఎత్తుల్లో ఓడిపోయింది కార్పోవ్.

ఏ6తోనే గెలిచేశాడనుకుంటే పొరపాటు. ఆ తర్వాత అతను బి5 తోశాడు, బిషప్‌ను బి7కి తెచ్చాడు, గుర్రాన్ని ఎఫ్6కి దింపాడు, ఈ6, సి5 ఆడాడు. అన్నీ బుద్ధిగా ఆడిన ఎత్తులే. 23వ ఎత్తులో కార్పోవ్ దాడి కోసం మంత్రిని డి3కి తెచ్చాడు. మైల్స్ కంగారు పడలేదు. ముందు ఏనుగులు మార్చుకున్నాడు. తర్వాత అతని మంత్రి బి2లో ఒక బంటును, వెంటనే ఈ5లో ఇంకో బంటును కొట్టేసింది. కార్పోవ్ ఒకటి తిరిగి కొట్టినా ఇంకోటి పోయింది పోయినట్టే. ఆ ఒక్క బంటుతోనే మైల్స్ చివరిదాకా లాగి గెలిచాడు.

వింతగా ఉన్నా ఏ6 మన రాజుకు చేటు చెయ్యదు. నడిబోర్డు తెల్లకు వదిలేస్తాం, అంతవరకే. మొదటి ఎత్తుకే జి4 ఆడడం అలా కాదు, మన కోట గోడ మనమే కూలగొట్టుకోవడం. నా మటుకు నేను పిల్లలకు అది నేర్పను.

ఇక మీకు తప్పకుండా ఎదురయ్యేది చెప్తాను. ఈ4 ఏ6, డి4 బి5 అయ్యాక చాలామంది ఏ4 ఆడి బి5 బంటు మీద పడతారు. అక్కడే మన పిల్లలకు టెన్షన్. ఆ బంటును కాపాడుతూ కూర్చోకండి, బిషప్‌ను బి7కి తెండి. తెల్ల తన ఏ వరస బంటుతో కొడితే మనమూ మన ఏ వరస బంటుతో కొడతాం. ఏనుగును ఏనుగు కొడితే బిషప్‌తో తిరిగి కొడతాం. వాళ్ల బిషప్ బి5 బంటును తింటే మన బిషప్ ఈ4 బంటును తింటుంది. పక్క బంటు ఇచ్చి నడిబంటు పుచ్చుకున్నాం, బేరం మనదే. పైగా గుర్రం ఇంకా ఎఫ్3కి రాకపోతే జి2 బంటు కూడా మన గురిలోనే ఉంటుంది. అదే తెల్లవాళ్లు రెండో ఎత్తుకే సి4 ఆడారా, మనకు బి5 కష్టమవుతుంది. అప్పుడు ఈ6, సి5 లాంటి మామూలు ఎత్తులకు వెళ్లిపోండి. పంతానికి పోవద్దు.

ర్యాపిడ్‌లో, అంటే తక్కువ సమయంలో ముగించే ఆటలో, ఇది బాగా పనికొస్తుంది, ఎదుటివాడి గడియారంలో నిమిషాలు మొదట్లోనే కరిగిపోతాయి. గంటల తరబడి సాగే క్లాసికల్‌లో మాత్రం ఒకే టోర్నీలో రెండుసార్లు ఆడకండి. ఈ రోజుల్లో మీ గేమ్ సాయంత్రానికల్లా అందరి ఫోన్లలో ఉంటుంది. మర్నాటి ప్రత్యర్థి సి4 చూసుకునే వస్తాడు.