పిండి గిన్నెతో ఫ్రిజ్ బేరం

శ్రోతలందరికీ నమస్కారం.

మూడేళ్ల కిందట ఆషాఢంలో, విజయవాడలో, ఫ్రిజ్ కొందామని మా అమ్మను తీసుకుని బయల్దేరాను. ఆషాఢం సంగతి మీకు తెలియనిది కాదు. పెళ్లిళ్లు ఉండవు, ముహూర్తాలు ఉండవు, అందుకని బట్టల దుకాణాల దగ్గర్నుంచి ఎలక్ట్రానిక్స్ షోరూంల దాకా అందరూ తగ్గింపు బోర్డులు కడతారు. చెప్పులేసుకుంటూ ఉండగా అమ్మ మళ్లీ వంటింట్లోకి వెళ్లి ఒక గుడ్డసంచి పట్టుకొచ్చింది. చూస్తే ఇడ్లీ పిండి గిన్నె. స్టీలుది, మూతతో సహా.

"ఇదెందుకమ్మా?" అన్నాను.

"తీరా కొన్నాక ఇది పట్టకపోతేనో?" అంది.

ఆ గిన్నె కథే ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను.

షోరూంలో ఒక కుర్రాడు ఎదురొచ్చాడు. మర్యాదస్తుడే. కానీ చెప్పిందంతా నాకే చెప్పాడు. "ఇన్వర్టర్ కంప్రెసర్ సార్. కంప్రెసర్ మీద పదేళ్ల వారంటీ సార్. ఈఎంఐ కూడా ఉంది సార్." అన్నీ నాకే. రోజుకి ముప్పైసార్లు ఆ తలుపు తీసేది మా అమ్మ. ఆవిడేమో సంచి పట్టుకుని నా వెనకాల నిలబడి ఉంది. ఆవిణ్ణి ముందుకు రమ్మనాలని నాకూ తోచలేదు. చాలా షాపుల్లో ఇది చూస్తున్నాను. డబ్బు కట్టేవాళ్లతో మాట్లాడతారు, వాడుకునేవాళ్లతో మాట్లాడరు. నాకిది బాధగా ఉంటుంది.

ఇంతలో కాస్త పెద్దవయసు సేల్స్‌మన్ ఒకాయన వచ్చాడు. సంచి వంక చూసి, "ఏం తెచ్చారమ్మా?" అని అడిగాడు. అమ్మ గిన్నె బయటికి తీసింది. ఆయన నవ్వలేదు. "ఇటివ్వండమ్మా, చూద్దాం" అని రెండు చేతులా అందుకున్నాడు. ఫ్రిజ్ తలుపు తీసి పెట్టి చూశాడు. మూత పై అరకి తగిలింది. ఆ గాజు అర బయటికి లాగి, ఇంకో గాడిలోకి జరిపాడు. ఊహూఁ, అప్పుడూ పట్టలేదు. ఇంకో ఫ్రిజ్. ఇంకొకటి. అమ్మకి ధైర్యం వచ్చింది. వంగి కూరగాయల ట్రే లాగి చూసింది. పాలగిన్నె, పెరుగుగిన్నె పక్కపక్కన పడతాయా అని జానతో కొలిచింది. "మా వంటింట్లో గోడ ఇటుంటుంది బాబూ, తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా?" అని అడిగింది. నాలుగో ఫ్రిజ్‌లో, అర ఒక గాడి పైకి జరిపాక, గిన్నె మూతతో సహా హాయిగా కూర్చుంది. ఆ క్షణంలో మా అమ్మ ముఖం చూడాల్సింది!

ఫ్రిజ్ మీద కరెంటు వాడకం చెప్పే నక్షత్రాల స్టిక్కర్ ఉంటుంది కదా, ఆ స్టార్ లేబుల్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. నక్షత్రాలు లెక్కపెట్టి వదిలెయ్యకండి. ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో ఆ లేబుల్ మీదే ఉంటుంది, అది చదవండి. లేబుల్ ఏ కాలానికి చెల్లుతుందో కూడా చూడండి. ప్రమాణాలు అప్పుడప్పుడూ పెంచుతుంటారు కాబట్టి పాత అయిదు నక్షత్రాలూ కొత్త అయిదు నక్షత్రాలూ ఒకటి కావు. తగ్గింపు రోజుల్లో పాత స్టాకు కూడా బయటికొస్తుంది.

సరే, మన ఫ్రిజ్. రెండోరోజు సాయంత్రం ట్రాలీ ఆటోలో వచ్చింది. అట్టపెట్టె విప్పారు, థర్మాకోల్ తీశారు. అదే కంపెనీ, అదే రంగు, అన్నే లీటర్లు. కాగితం మీద సంతకం పెట్టబోతున్నాను. "ఆగరా" అంది అమ్మ. గిన్నె తెచ్చి పెట్టింది. పట్టలేదు! అర జరుపుదామంటే పైన గాడి లేదు. ఫ్రిజ్ మీదున్న స్టిక్కర్ చూస్తే మోడల్ నంబరులో చివరి రెండక్షరాలు వేరు.

షాపుకి ఫోన్ చేశాను. "గోడౌన్‌లో అదే ఉంది సార్, రెండూ ఒకటే సార్" అన్నారు. ఒకటే అయితే గిన్నె ఎందుకు పట్టలేదు? గట్టిగా అడిగితే బిల్లు అడుగున చూడమన్నారు. అక్కడ చిన్న అక్షరాల్లో ఉంది, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని. అదే బిల్లు పైభాగంలో ఆ పెద్దాయన దగ్గరుండి వేయించిన మోడల్ నంబరు కూడా ఉంది. పూర్తిగా, చివరి అక్షరం దాకా. నాలుగు రోజులు తిప్పారు, కానీ ఆ నంబరుకి వాళ్ల దగ్గర జవాబు లేదు. ఫ్రిజ్ మార్చి ఇచ్చారు.

అందుకని నేను మిమ్మల్ని కోరేది ఇదొక్కటే. బిల్లు మీద మోడల్ నంబరు వేయించుకోండి. 'ఫ్రిజ్ ఒకటి' అని కాదు, 'టీవీ ఒకటి' అని కాదు. మోడల్ నంబరు, చివరి అక్షరం దాకా. వస్తువు ఇంటికొచ్చాక సంతకం పెట్టకముందే స్టిక్కర్‌తో సరిపోల్చుకోండి. సీరియల్ నంబరు కూడా.

ఆ చిన్న అక్షరాలకి బెదిరిపోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఏం చెబుతోందంటే, లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోకపోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. షాపువాళ్లు ఎంతకీ వినకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు కొన్న వస్తువుకి ఫిర్యాదు ఫీజు లేదు. మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు.

టీవీకైనా ఇదే పద్ధతి. షాపులో కంపెనీవాళ్ల వీడియో వేస్తారు, రంగులూ వెలుగూ బాగా పెంచి ఉంచుతారు. పూలూ సీతాకోకచిలుకలూ ఏ టీవీలోనైనా బాగుంటాయి. మనం ఇంట్లో చూసేది వార్తలూ, సీరియళ్లూ, క్రికెట్టూ కదా. అవి పెట్టమని అడగండి. సౌండ్ కూడా వినండి. అడగడానికి మొహమాటం వద్దు, వేలకి వేలు పోసి కొంటున్నాం.

వచ్చే ఆదివారం మా చెల్లెలు వాషింగ్ మెషీన్ కొనడానికి వెళ్తోంది. అమ్మ కూడా వెళ్తుందట. నిన్న చూశాను, ఇంట్లో అన్నిటికన్నా బరువైన దుప్పటి మడతపెట్టి, అదే గుడ్డసంచిలో సర్దిపెట్టింది.

నమస్కారం.